మూడో పోగు

ఆగస్టు చివర్లో, బిర్చి చెట్ల ఆకుల అంచులు పసుపెక్కుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఇస్కా తన వదిన వాల్పురి ఇంటి రేవుకు పడవ చేర్చి వల కోసం వచ్చాడు. రేవు పక్కన వలలు ఆరేసే కర్రలు బోడిగా ఉన్నాయి. నిన్న సాయంత్రం సరస్సు మీద నుంచి చూసినప్పుడు అలివి వల ఎడమ రెక్క ఆ కర్రల మీదే ఉంది.

వాల్పురి ఇంటి మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య మర ఇరికించుకుని కాఫీ గింజలు విసురుతోంది. మరిదిని చూసి కూడా మర ఆపలేదు.

“వల ఏది వదినా?”

“ఉంది.”

“ఎక్కడుంది?”

“నా దగ్గరుంది.”

“నీ దగ్గర కాకపోతే ఎక్కడుంటుంది గానీ, పడవలో వేసుకుపోదామని వచ్చాను. గాలి పడిపోయింది. సాయంత్రం ఇసుకమూలలో తొలి అలివి లాగేద్దామని ఆబ్రామ్ మామ కూడా అన్నాడు.”

“లాగుదాం. నేను సిద్ధంగానే ఉన్నాను.”

“నువ్వెందుకు?”

వాల్పురి మర ఆపింది. “వల వస్తే నేనూ వస్తాను. నేను ఇంట్లో ఉంటే వలా ఇంట్లోనే ఉంటుంది.”

ఆ వల సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. ఉత్తరపు కొసన మంచుసీమలో ఉన్న మా ఇనారి సరస్సు మీద, ఒడ్డుకు లాగే ఈ అలివి వల ఏ ఒక్క ఇంటికీ చెందదు. ఎడమ రెక్క వాల్పురి భర్త సామ్మెలిది. కుడి రెక్క అతని తమ్ముడు ఇస్కాది. రెండు రెక్కల నడుమ చేపలు చేరే సంచి పొరుగు దీవిలో ఉండే ఆబ్రామ్ ముసలాయనది. మూడు ముక్కలనూ దారంతో కుట్టి లాగుతారు, పడిన చేపను ఒడ్డున మూడు పోగులు పెట్టి ఇంటికొకటి చొప్పున పంచుకుంటారు. పోగు ఉన్న ఇంటికి ఏ రోజు వెళ్ళాలో, ఏ మూలలో వల దించాలో చెప్పే నోరు కూడా ఉంటుంది. తొలి అలివికి ఎన్ని పోగులు పడితే ఆ ఏడంతా అన్నే పోగులు. మధ్యలో కలపడం, తీసేయడం లేదు.

ఆ ఏడు మే నెలలో, సరస్సు మీద మంచు కుళ్ళి నల్లబడే రోజుల్లో, సామ్మెలి కట్టెల బండితో సహా నీటిలోకి దిగిపోయాడు. అతన్ని పైకి తీసి చర్చి దగ్గర పాతిపెట్టారు. ఆ నాటి భోజనాల బల్ల దగ్గర ఇస్కా లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, వదినకు ఏ లోటూ రానివ్వనని అందరి ముందూ మాట ఇచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరిగాక ఆ మాటకు అర్థం తేలింది. మగవాడు లేని ఇంటికి పోగు ఉండదు గనక ఇకమీదట పోగులు రెండే. వాల్పురి రెక్కను ఇస్కా చూసుకుంటాడు. అలివి లాగిన ప్రతిసారీ అతనొక బకెట్టు, ఆబ్రామ్ ఒక బకెట్టు చేపలు ఆమె రేవులో దించిపోతారు. వెనకటికి మొగుడు పోయిన కారిన్ ముసలమ్మకూ అలాగే చేశారు. ఇందులో అన్యాయం ఉందని మా సరస్సు మీద ఎవరికీ తోచలేదు. నిజానికి చాలామందికి ఇస్కా ధర్మాత్ముడిగానే కనిపించాడు. అప్పుడు వాల్పురి ఏమీ అనలేదు. అనకపోవడాన్ని అందరూ ఒప్పుకోవడంగా తీసుకున్నారు.

“చూడు వదినా,” అన్నాడు ఇస్కా, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటూ. “అనుకున్న మాట ఒకటుంది కదా.”

“అనుకుంది నువ్వు. విన్నది నేను.”

“నీకు లోటు రానివ్వనన్నానా లేదా?”

“అన్నావు. లోటు రానివ్వకుండా ఉండడానికి నువ్వెవరివి? నా వల నీళ్ళలో ఉంటే నా చేప నేను తెచ్చుకుంటాను. నువ్వు దించిపోయే బకెట్టు కోసం రేవులో కూచుని ఎదురుచూడాలా? ఇవాళ వస్తావా, రేపొస్తావా, పెద్దవి వేశావా, పిల్లవి వేశావా అనుకుంటూ?”

“ఎవరైనా వింటే నేనేదో నిన్ను పస్తులుంచుతున్నానని అనుకుంటారు!”

“పస్తుండను. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు బకెట్టు వద్దు. పోగు కావాలి.”

“సగం వల దాచుకుని ఏం చేసుకుంటావు? కిటికీలకి తెరలు కట్టుకుంటావా?”

“కట్టుకుంటాను. ఈగలు రావు. మిగతా సగంతో నువ్వేం చేసుకుంటావో ఆలోచించుకో.”

ఇస్కా వెనుదిరిగి సరస్సు వైపు చూశాడు. నీరు నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంది. ఎండ తగ్గాక తెల్లచేప లోతు విడిచి ఇసుక మీదికి వస్తుంది; ఇలాంటి సాయంత్రం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. పైగా ఆ రెక్క గురించి వాదించే మొహం అతనికి లేదు. యుద్ధం చివర సర్కారు మమ్మల్నందరినీ దక్షిణానికి తరలించినప్పుడు, పరాయి ఊరి బడిగదిలో గోడవార కూర్చుని అవిసె నారతో దాన్ని అల్లింది వాల్పురి. సామ్మెలి, ఇస్కా అప్పటికి సైన్యంలో ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఇళ్ళు, పడవలు, వలల కొట్లు బూడిదై ఉన్నాయి. మొదటి శీతకాలం రెండిళ్ళ వాళ్ళూ బతికింది ఆమె మూటలో వచ్చిన ఆ ఒక్క రెక్కతోనే. ఇస్కా రెక్కను తరువాత దాని కొలతకే అల్లారు.

“సరే, రా,” అన్నాడు చివరికి. “తెడ్డు వెయ్యి. పోగు మాట మాత్రం ఎత్తకు.”

“ఎత్తుతాను.”

“ఎత్తినా రెండే.”

“చూద్దాం,” అంది వాల్పురి. లోపలికి వెళ్ళి మంచం మీద నుంచి వల తెచ్చింది. వలను పక్కలో వేసుకుని పడుకుందని ఇస్కా తరువాత చాలామందికి నవ్వుతూ చెప్పాడు. అది నిజమే.

ఇస్కా ఇంటికి పోయి భార్యను ఎక్కించుకుని, వాల్పురి వలతో తన పడవలో బయలుదేరి, ఇసుకమూల చేరేసరికి సూర్యుడు పైన్ చెట్ల మీదికి వాలాడు. ఆబ్రామ్ ముందే వచ్చి రాళ్ళ మధ్య మంట వేసి కాఫీ కెటిల్ తగిలించి ఉన్నాడు. పడవలో వాల్పురిని చూసి కనుబొమలు ఎత్తాడు. ఇస్కా భార్య ఎలినా తోటికోడలికి కప్పు అందిస్తూ గొంతు తగ్గించి అంది: “వచ్చావా అక్కా! మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో తలుపులు ఊరికే మూసుకోవట్లేదు, ధడాల్ ధడాల్మని మూసుకుంటున్నాయి.”

“మీ ఆయనకి చెప్పు, గడియలు ఊడితే బిగించేవాళ్ళు లేరని.”

“నువ్వే చెప్పు. నేను ఆ తలుపుల అవతల కాపురం చెయ్యాలి.”

కాఫీ తాగి రెక్కలను సంచికి కుట్టారు. ఒక పడవలో వాల్పురి తెడ్లు వేస్తుంటే ఆబ్రామ్ వల వదిలాడు. రెండో పడవలో ఎలినా తెడ్లు, ఇస్కా వల. రెండు పడవలూ పక్కపక్కనే లోతుకు పోయి, సంచిని నడుమ దించి, చెరొక వైపుకు విడిపోయాయి. బెండ్లు ఒకదాని తరువాత ఒకటి నీటి మీద పడ్డాయి. బిర్చి బెరడులో చుట్టిన రాళ్ళు చప్పుడు లేకుండా మునిగాయి. వాల్పురి తెడ్లు నీటిని కోస్తున్నట్టుగా గాక తోస్తున్నట్టుగా పడుతున్నాయి. నీరు చిమ్మితే చేప బెదురుతుంది.

“నెమ్మదిగా వదినా!” అని ఇస్కా అవతలి పడవ నుంచి కేక వేశాడు. “పెళ్ళికి పోతున్నావా?”

“నువ్వు ముందు ఆ కేకలు ఆపు. ఇంకాస్త గట్టిగా అరిస్తే చేపలు రష్యా వెళ్ళిపోతాయి!”

ఒడ్డుకు చేరి తాళ్ళు పట్టారు. అలివి లాగడంలో బలం కన్నా జోడు ముఖ్యం. ఒక రెక్క ముందుకొచ్చి ఒకటి వెనకబడితే వల వాలుగా తిరిగి, చేప ఆ సందులోంచి బయటపడుతుంది. ఆబ్రామ్ మోకాలు మంచిది కాదు. వాల్పురి అతన్ని వెనకాల తాడు చుట్టమని చెప్పి తాను నీళ్ళలోకి దిగి నడుముకు తాడు వేసుకుని లాగింది. ఇస్కా అంతకన్నా వేగంగా లాగాలని చూశాడు. ఆమె వేగం పెంచలేదు, తగ్గించలేదు. చివరికి అతనే ఆమె అడుగుకు తన అడుగు కలపాల్సి వచ్చింది. వల చుట్టుకొలత తగ్గేకొద్దీ లోపలి నీరు ముందు వణికింది, తరువాత ఉడికింది. సంచి ఇసుక మీదికి వచ్చేసరికి నలుగురూ దాని మీద పడి, నీళ్ళలో కూలబడి నవ్వారు. యుద్ధం తరువాత ఇసుకమూలలో అంత చేప పడడం ఎవరూ చూడలేదు. అన్నీ తెల్లచేపలే, ముంజేయంత పొడవున్నవి. నడుమ అక్కడక్కడ చారల చేపలు.

నవ్వు తీరాక పంపకం వచ్చింది.

పోగులు పెట్టేవాడు పేర్లు పిలవకూడదు. పిలిచేవాడు పోగుల వైపు చూడకూడదు. ఆ గుంపులో పోగులు పెట్టే పని సామ్మెలిది. ఇప్పుడది ఇస్కాకు వచ్చింది. పిలిచే పని ఎప్పటి నుంచో ఆబ్రామ్‌దే. పిలుపంటే అతనికి గొప్ప పట్టింపు. అతని తండ్రీ పిలిచేవాడు. ఆ ఇంటివాళ్ళు పిలిచిన పోగు మీద సరస్సులో ఇంతవరకూ తగాదా రాలేదు.

ఇస్కా ఇసుక మీద చేపలు విసురుతూ పోగులు పెట్టసాగాడు. వాల్పురి తడి గౌను అంచు పిండుకుంటూ చూస్తోంది.

“రెండే పెడుతున్నావేం?”

“ముందే చెప్పాను.”

“నేనూ ముందే చెప్పాను. మూడు పెట్టు.”

“మామా, నువ్వయినా చెప్పు!”

ఆబ్రామ్ పైపులో పొగాకు కూరుకుంటూ ఆకాశం వైపు చూశాడు. “అన్నదమ్ముల ఇంటి గొడవ. నన్ను లాగకండి. ఎన్ని పెడితే అన్ని పిలుస్తాను.”

“అంటే నువ్వూ వాడి వైపే,” అంది వాల్పురి.

“నేను ఎవరి వైపూ కాదమ్మాయ్. నేను అడవి వైపు,” అని ముసలాయన అడవి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇస్కా తెడ్డు తీసుకుని మొదటి పోగు మీద పెట్టాడు.

“ఎవరిది?”

“సామ్మెలిది,” అన్నాడు ఆబ్రామ్.

తలచుకుని అన్న మాట కాదు. ఎన్నో ఏళ్ళుగా అడవి వైపు తిరిగి ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నోటికొచ్చే మూడు పేర్లలో ఒకటి వచ్చింది, అంతే. ఇస్కాకూ అదే అలవాటు. చెవికి చేరిన పేరు తలకు ఎక్కేలోగా అతని తెడ్డు రెండో పోగు మీదికి పోయింది, నోరు తన పని తాను చేసింది.

“ఎవరిది?”

“ఇస్కాది.”

ఆబ్రామ్ మూడో ప్రశ్న కోసం ఎదురుచూశాడు. పైపు నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు.

“అడగవేంరా? ఇంక నాదేగా మిగిలింది!”

ఎవరూ పలకకపోయేసరికి ఇటు తిరిగాడు. ఇసుక మీద రెండు పోగులు. ఒకటి సామ్మెలిది, ఒకటి ఇస్కాది. ముసలాయన వాటి వెనక కూడా చూశాడు, మూడోది చాటున ఉందేమోనన్నట్టు. ఎలినా తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది.

“పొరపాటైంది,” అన్నాడు ఇస్కా. “మళ్ళీ పిలు మామా.”

“మళ్ళీనా?”

“మరేం చేస్తాం? నీకు నువ్వే లేకుండా చేసుకున్నావు.”

“ఒరేయ్, మా నాన్న పిలిచిన పోగు ఒక్కటీ వెనక్కి రాలేదు. నేను పిలిచిందీ రాలేదు. వీపు తిప్పి పిలిచాక అది పిలుపే. ఇవాళ ఒకటి వెనక్కి తీసుకుంటే రేపు ప్రతివాడూ తనకి చిన్న పోగు వచ్చినప్పుడల్లా మళ్ళీ పిలవమంటాడు.”

“చచ్చిపోయినవాడికి పోగేమిటి? వాడొచ్చి మోసుకుపోతాడా?”

“పిలిచేది మనిషిని కాదు, ఇంటిని,” అంది వాల్పురి. “ఆ ఇల్లు ఇదిగో, నీ ఎదురుగా నిలబడి ఉంది. గౌను ఇంకా ఆరలేదు.”

ఇస్కా తెడ్డును ఇసుకలో గుచ్చాడు. “సరే, మన ఆచారం ప్రకారమే మాట్లాడదాం. పిలిచినవాడు వెనక్కి తీసుకోకూడదు. కానీ పోగు వచ్చినవాళ్ళు దాన్ని తిరిగి కుప్పలో పడెయ్యొచ్చు. నువ్వు పడెయ్యి వదినా. ఈ పోగు మీద ఆ హక్కు ఉన్నది నీ ఒక్కదానికే.”

ఆ మాట అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. ఆబ్రామ్‌కు ముందు తెలిసింది; పైపు పళ్ళ మధ్యే ఉంచుకుని దగ్గాడు. తిరిగి పడేసే హక్కుందంటే పోగు ఆమెదేనన్నట్టు.

“నా ఒక్కదానికే,” అంది వాల్పురి నెమ్మదిగా.

ఎలినా ఆమె మోచేతిని గిల్లి చెవిలో అంది: “పడవలో పోసేసుకో అక్కా. సగం చేప! నీ పీపాలు ఈ పూటే నిండుతాయి.”

వాల్పురి ఆ పోగు వైపు చాలాసేపు చూసింది. ఉప్పు వేసి పీపాలో పేరిస్తే మార్చి దాకా ఇక ఏ బకెట్టూ అక్కర్లేదు. తీసుకుపోతే ఆపేవాడు కూడా లేడు. అయితే రేపటికల్లా సరస్సంతా ఏమనుకుంటుందో ఆమెకు బాగా తెలుసు: ముసలాయన నోరు జారింది, చచ్చిపోయినవాడి పేరు మీద వాల్పురికి చేపలు దొరికాయి. వచ్చే ఏడు తొలి అలివికి ముసలాయన నాలుక జాగ్రత్త పడుతుంది. అప్పుడు పోగులు మళ్ళీ రెండే.

“తిరిగి పడేస్తాను,” అంది.

ఇస్కా ఊపిరి పీల్చుకున్నాడు. “అదీ మా వదినంటే! నీ మనసు నాకు...”

“ఆగు. మొత్తం కలిపి మూడు పోగులు పెట్టు. నీ చేత్తోనే పెట్టాలి. మామ మూడు పేర్లు పిలవాలి. అందులో సామ్మెలి పేరు ఉండకూడదు. ఆయన చర్చి పక్కన మట్టిలో ఉన్నాడు, ఆయనకి చేపలతో పనిలేదు. నా పేరు పిలవాలి.”

ఇస్కా తెడ్డును ఇసుకలోంచి పీకి మళ్ళీ గుచ్చాడు.

“ఆడదాని పేరు పోగుకి పిలవడం నేనెప్పుడూ వినలేదు,” అన్నాడు ఇస్కా.

“నేనూ వినలేదు. అందుకే వినాలనుంది.”

“లేకపోతే?”

“లేకపోతే ఇది నా పడవలోకి పోతుంది. అది నీ పడవలోకి పోతుంది. మామకి నువ్వు బకెట్టుతో ఇద్దువు గాని. నువ్వు లోటు రానివ్వవుగా.”

“నాకు బకెట్టా!” ఆబ్రామ్ పైపు చేతిలోకి వచ్చింది. “సంచి నాది, పడవ నాది! నేనేమన్నా కారిన్ ముసలమ్మనా, బకెట్టు పట్టుకుని రేవులో కూర్చోడానికి?”

“ఆవిడ కూర్చున్నప్పుడు నీకేమీ అనిపించలేదే,” అంది వాల్పురి.

ముసలాయన ముఖం ఎర్రబడింది. అది కోపమో సిగ్గో చెప్పడం కష్టం. తరువాత ఇస్కా మీదికి తిరిగాడు. “ఏంట్రా చూస్తావు? మూడు పెట్టు. చేప ఎండిపోతోంది.”

“ఇందాక అన్నదమ్ముల గొడవన్నావు.”

“ఇందాక నా చేప నాకుంది!”

ఇస్కా భార్య వైపు చూశాడు. ఎలినా తలగుడ్డ సర్దుకుంటూ తాపీగా అంది: “రేపు నువ్వు కూడా మంచులో పడితే నేను ఎవరి బకెట్టు కోసం ఎదురు చూడాలో ముందే చెప్పెయ్. ఆబ్రామ్ మామదా, అక్కదా?”

ఇస్కా వంగి రెండు పోగులనూ కాలితో గాక చేతులతోనే కలిపాడు. కలిపి, మళ్ళీ పంచడం మొదలుపెట్టాడు. ఏ పోగు ఎవరికి పోతుందో తెలియదు గనక పెద్ద చేపకు పెద్ద చేప, చిన్నదానికి చిన్నది ఎంచి ఎంచి పెట్టాడు. చాలాసేపు పట్టింది. ఈలోగా ఆబ్రామ్ అడవి వైపు తిరిగి, పిలవబోయే పేరును నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటున్నట్టు పెదవులు కదిపాడు.

తెడ్డు మొదటి పోగు మీద పడింది.

“ఎవరిది?”

“ఇస్కాది.”

“దరిద్రం,” అన్నాడు ఇస్కా అలవాటుగా. “చారల చేపలన్నీ నాకే తగలాలా?” తనకు వచ్చిన పోగును తిట్టనివాడు మా సరస్సు మీద లేడు. తిట్టకపోతే ఎక్కువ వచ్చిందని పక్కవాడు అనుమానిస్తాడు.

“ఎవరిది?”

“నాది. చూడకుండానే చెప్తున్నా, నాకు పడింది చెత్తే.”

ఇస్కా తెడ్డును భుజాన వేసుకున్నాడు. “అయింది. మిగిలింది ఒక్కటేగా.”

“అడుగు,” అంది వాల్పురి.

“తెలిసిందే కదా వదినా, ఇంకా అడిగేదేముంది?”

“తెలిసినా అడుగు. వాళ్ళిద్దరివీ అడిగావు.”

ఇస్కా తెడ్డు దించాడు. దాన్ని మూడో పోగు మీద పెట్టి, సరస్సు వైపు చూస్తూ అడిగాడు: “ఎవరిది?”

“వాల్పురిది!” అన్నాడు ఆబ్రామ్. మిగతా రెండు పేర్ల కన్నా గట్టిగా అన్నాడు. ఆ కేక నిశ్చలంగా ఉన్న నీటి మీద దీవి దాకా పోయింది.

వాల్పురి తన పోగు దగ్గర గొంతుక్కూర్చుంది. ఒక చేపను తోక పట్టుకుని ఎత్తింది, పక్కన పెట్టింది. ఇంకొకటి ఎత్తింది. ఆమె ఏడుస్తుందేమోనని ఎలినా దగ్గరకు వచ్చింది.

“ఇదేం పంపకం?” అంది వాల్పురి. “అన్నీ తలకాయలే, ఒంట్లో కండ లేదు. వీటిని చూసి పెట్టావా, కళ్ళు మూసుకుని పెట్టావా?”

“కళ్ళు మూసుకునా?” ఇస్కాకు ఒక్కసారిగా మండింది. “ఎంచి ఎంచి పెట్టి నడుం పడిపోయింది! అంత నచ్చకపోతే రేపటి పోగులు నువ్వే పెట్టుకో!”

“పెడతాను,” అంది వాల్పురి, చేపలు పడవలోకి విసరడం మొదలుపెడుతూ. “రేపు బండమూలకి పోదాం. అక్కడ లోతు ఎక్కువ, తొందరగా బయలుదేరాలి.”

“బండమూలకా? గాలి లేస్తేనో? రేపూ ఇక్కడే!”

“బండమూలకే,” అన్నాడు ఆబ్రామ్.

ఇస్కా ఇద్దరినీ తిట్టుకుంటూ తన పోగు మోయసాగాడు.